పాత ఇరవై నోటు వెనుకవైపు గురించి రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నర్ గారికి,

నిజామాబాద్ జిల్లా మాక్లూర్ నుంచి నమస్కరించి రాయునది. 2001లో మీ బ్యాంకు విడుదల చేసిన ఎర్ర ఇరవై నోటు మా దగ్గర ఇంకా చేతులు మారుతూనే ఉంది. దాని వెనుక కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా ఒక లైట్‌హౌస్ వేశారు. ఇది కోనసీమ అని మా కల్లు కాంపౌండులో ఎప్పుడో తీర్పు వచ్చేసింది. కొబ్బరిచెట్టు కనబడితే మాకు కోనసీమే. కాదు, అది అండమాన్‌లోని నార్త్ బే అని, మౌంట్ హారియెట్ కొండ మీంచి చూస్తే అచ్చం అలాగే ఉంటుందని దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా బామ్మర్ది ఫోన్‌లో చూసి చెప్పాడు. పసుపు పంట అమ్మిన డబ్బులు చేతికొచ్చి ఉన్నాయి. బామ్మర్ది, మా ఇంటామె, నేను బయలుదేరాం.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి జెట్టీలో పడవ ఎక్కితే కాసేపట్లో నార్త్ బేలో దింపుతారు. మీ నోటులో ఉన్నవన్నీ అక్కడ ఉన్నాయి, ఆ విషయంలో మీ మీద నాకు ఫిర్యాదు లేదు. నా మనవి వేరే. మీరు వేసింది పైసగం. అసలు సరుకు నీళ్లకింద ఉంది.

కిందికి చూడాలంటే ముందు కళ్లనూ ముక్కునూ కలిపి మూసే అద్దం తగిలించుకోవాలి, పైపు పళ్లమధ్య కరిచి పట్టాలి. "ముక్కు మూసుకోని మూతితోని గాలి పీల్చుమంటే ఎట్లనే బావా?" అన్నాడు బామ్మర్ది. ఏళ్ల తరబడి సముద్రం పక్కనే కొలువు చేసినవాడు మోకాలి లోతు దాటి ఏనాడూ దిగలేదు. దిగాక అతని అద్దంలోకి నీళ్లు రావడం మొదలైంది. పట్టీ బిగించారు, అద్దం మార్చారు, అయినా వచ్చాయి. మమ్మల్ని దించిన కుర్రాడి తాతలది శ్రీకాకుళం జిల్లా. ఆ పక్కనుంచి పోయి అండమాన్‌లో స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాడు దగ్గరగా చూసి, "మీసం సందులోంచి వచ్చేస్తన్నాయండి నీళ్లు. వేజిలీన్ రాసుకోండి, లేదంటే తీసేయండి" అన్నాడు. తీసేయడమా! వేజిలీన్‌తోనే రాజీ కుదిరింది.

ఇక కింద సంగతి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు రాశి పోసినట్టు కొమ్మల పగడాలు. మధ్యమధ్య గుండ్రంగా, మడతలు మడతలుగా పెద్ద దిమ్మెలు. చిలకచేప ఒకటి వచ్చి దిమ్మెను కొరికింది. ఆ కరకర చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినబడింది. కొరికిన దాంట్లో అరగని సున్నమంతా ఇసుకై బయటికి పోతుందట. తీరంలో మనం తువ్వాలు పరుచుకునే తెల్ల ఇసుకలో దాని వాటా గట్టిదే.

మా ఇంటామె మాత్రం తేలి పైకి రాగానే పెదవి విరిచింది. ఎర్రగా ఉంటాయనుకుంది. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం జాతి వేరు, అది ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది. ఇక్కడివి చాలావరకు గోధుమరంగు. ఆ రంగు పగడం ఒంట్లో కాపురముండే నాచుది. పగడానికి తిండిలో ఎక్కువ భాగం పెట్టేది కూడా ఆ నాచే. నీళ్లు వేడెక్కితే పగడం దాన్ని బయటికి వెళ్లగొడుతుంది, తెల్లబడుతుంది, వేడి తగ్గకపోతే చస్తుంది. 1998లో, మళ్లీ 2010లో అండమాన్‌లో దిబ్బలకు దిబ్బలు తెల్లబోయాయి. 2004 భూకంపానికైతే ఉత్తర అండమాన్‌లో కొన్ని దిబ్బలు నీళ్లలోంచి పైకి లేచి ఎండకు మాడిపోయాయి.

ఇంత దూరం పోవడమెందుకు, మనకు సొంత సముద్రం లేదా అంటారేమో. ఉంది, అడ్డం మా గోదావరే. కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని వచ్చే ఆ నీళ్లు వానాకాలంలో ఎర్రగా వస్తే మాకు పండగ. ఆ మట్టి శ్రీరాంసాగర్‌లో ఎంత పేరుకుందంటే, 112 టీఎంసీలకు కట్టిన ప్రాజెక్టు ఇప్పుడు 80 చిల్లర పడుతోంది. అక్కడ ఆగని మట్టి, తీపి నీళ్లు బంగాళాఖాతంలోకి పోతాయి. పగడానికి ఉప్పునీళ్లు కావాలి, ఎండ అడుగుదాకా దిగేంత తేటగా ఉండాలి. అందుకే గోదావరి మూతి దగ్గర మడ అడవులు పెరిగాయి, పగడాలు పెరగలేదు. మా చెలకల మట్టి కూడా ఆ పాపంలో భాగస్వామి.

కుర్రాడు గంటలో ఎక్కువసార్లు అన్నమాట ఒకటే: "కాళ్లు కిందెట్టకండి బాబూ." అలసిపోయిన ప్రతివాడికీ నిలబడాలనిపిస్తుంది, నిలబడేందుకు దొరికేది పగడమే. దిమ్మె రకం పగడం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. చిరిగిన నోటు తెస్తే మీ నిబంధనల ప్రకారం కౌంటర్‌లో మార్చి ఇస్తారు కదా సార్, దీనికి ఆ కౌంటర్ లేదు. బామ్మర్ది ఒడ్డున చచ్చిన కొమ్మ ఒకటి ఏరి జేబులో వేసుకోబోతే కుర్రాడు అక్కడే పెట్టించాడు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో పులి పక్కన పగడం కూడా ఉంది, చచ్చినదైనా సరే. విమానాశ్రయంలో సంచి తెరిపిస్తారు.

2019 నాటి కొత్త ఇరవై నోటు మీద ఎల్లోరా గుహలు వేశారు. మంచిదే, అవి రాయి. ఎవరు నిలబడ్డా ఓర్చుకుంటాయి. మళ్లీ ఎప్పుడైనా సముద్రం వేయదలిస్తే ఈసారి నీటిగీతకు కిందిసగం వేయించండి. చిలకచేపను మరవొద్దు. మనిషిని వేయాల్సి వస్తే బోర్లా తేలుతున్నట్టు వేయండి, కాళ్లు పైకే ఉండాలి. రంగు దగ్గర మీ కళాకారులకు గట్టిగా చెప్పండి: అందంగా ఉంటుందని ఎర్రగా దిద్దొద్దు, ముద్రణ ఖర్చు కలిసొస్తుందని తెల్లగా వదిలేయొద్దు. గోధుమరంగు వేయండి.

ఇట్లు
మీ విధేయుడు,
మాక్లూర్ పసుపు రైతు