బండి ఆపినప్పుడు వీడియో: ఈ సలహాలు వినకండి

ట్రాఫిక్ పోలీసు బండి పక్కకు పెట్టమనగానే ఇప్పుడు చాలామంది చెయ్యి ఫోను మీదికి పోతోంది. అందులో తప్పేం లేదు. రోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయకూడదని ప్రత్యేకంగా చట్టమేదీ లేదు. పోలీస్ స్టేషన్ సైతం అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలం కాదని బొంబాయి హైకోర్టు 2022లో తేల్చింది. చిక్కంతా ఎలా తీయాలో చెప్పే ఉచిత సలహాలతోనే.

1. ‘దూరం నుంచి పోలీసు కనపడగానే రికార్డింగ్ మొదలెట్టెయ్.’
వద్దు. నడుపుతూ చేతిలో ఫోను పట్టుకోవడం మోటారు వాహనాల చట్టం 184 కింద నేరం. మొదటిసారికే రూ.1,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేశాకే ఫోను తీయండి.

2. ‘వీడియో తీస్తున్నావుగా, కాగితాలు చూపించక్కర్లేదు.’
యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాల్సిందేనని అదే మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ చెబుతోంది. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. కానీ అదీ, కెమెరా ఒకే ఫోనులో ఉంటే లైసెన్సు చూపించేసరికి రికార్డింగ్ ఆగిపోతుంది. అందుకే కార్డులు జేబులో ఉంచుకోండి.

3. ‘మొహం మీద పెట్టి తీయ్, దెబ్బకు దారికొస్తాడు.’
దారికి రాకపోగా విధులకు అడ్డుపడ్డారని భారతీయ న్యాయ సంహిత 221 కింద కేసు పెట్టొచ్చు. తోపులాట జరిగితే 132 కూడా. నాలుగడుగుల దూరంలో నిలబడి, ఫోను ఛాతీ ఎత్తులో పట్టుకోండి. పేరు బ్యాడ్జీ, చలానా మిషను తెర, పక్కనున్న షాపు బోర్డు కనపడితే చాలు.

4. ‘రెచ్చగొట్టు, వాడే నోరు జారతాడు.’
ఫోను మైకుకు అందరికన్నా దగ్గరున్నది మీ నోరే. ఎదుటివాడి మాట సగం హారన్ల మోతలో కలిసిపోతుంది, మీ తిట్టు మాత్రం ఒక్క అక్షరం పోకుండా పడుతుంది. ‘సార్, ఏ సెక్షన్ కింద రాస్తున్నారు?’ అన్న ఒక్క ప్రశ్న ఆ తిట్లన్నిటికన్నా మీకు ఎక్కువ పనికొస్తుంది.

5. ‘కావాల్సిన ముక్క కత్తిరించి గ్రూపుల్లో పెట్టెయ్.’
కత్తిరిస్తే దాని విలువ పోతుంది. కోర్టులో వీడియో కాపీ నిలబడాలంటే సాక్ష్య అధినియం 63 కింద ధ్రువపత్రం కావాలి, అసలు ఫైలును చెరపకుండా దాచాలి. పైగా డ్రంకెన్ డ్రైవ్ వరుసలో మీ వెనక నిలబడ్డ మనిషి మొహం ఊరంతా తిప్పే హక్కు మీకు లేదు. పూర్తి వీడియోను తేదీ, సమయం, చోటుతో సహా పైఅధికారికి ఫిర్యాదుగా ఇవ్వండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో వచ్చిన 167ఏ నిబంధన పోలీసుల ఒంటిమీది కెమెరాలనూ గుర్తించింది కాబట్టి, ఆ కెమెరా ఉంటే దాని రికార్డునూ భద్రపరచమని అదే ఫిర్యాదులో అడగండి.

లంచం అడిగినా, చెయ్యి చేసుకున్నా మన దగ్గర సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యాన్ని మన కోపంతో మనమే పాడుచేసుకోవద్దు. వీడియో తీయండి, మర్యాదగా తీయండి, మొత్తం తీయండి.