దేశ కాల పాత్రతలు కుదరని మహాదానం

దానం చేసేటప్పుడు దేశం, కాలం, పాత్రత అనే మూడూ చూసుకోవాలని, అంటే తగిన చోట, తగిన సమయంలో, తగినవారికి ఇచ్చినదే దానమనిపించుకుంటుందని ధర్మశాస్త్రాలు విధించాయి. గోదానానికి, భూదానానికి, హిరణ్యదానానికి ఇంత శ్రద్ధగా లక్షణాలు రాసిపెట్టిన శాస్త్రకారులకు రక్తదానం సంగతి తెలియకపోవడం ఒక విధంగా వారి అదృష్టమే. తెలిసి ఉంటే, ఈ మూడు నియమాలనూ ఒకేసారి గాలికి వదిలేసి కూడా ఒక దానాన్ని మహాదానమని గోడల మీద రాయించవచ్చునని రుజువు చేసిన తెలుగు రాష్ట్రాల కోసం వారు ప్రత్యేకంగా ఒక అనుబంధాధ్యాయం చేర్చవలసి వచ్చేది.

ప్రచారం విషయంలో మాత్రం ఏ లోపమూ లేదని ముందుగానే ఒప్పుకోవాలి. రక్తంలో గ్రూపులున్నాయని కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజైన జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబర్ 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం ఏటా తప్పకుండా వస్తాయి. ర్యాలీలు తీస్తారు, జ్యోతి వెలిగిస్తారు, ఎండలో నిలబెట్టి పిల్లలచేత ప్రతిజ్ఞ చేయిస్తారు. జనాభాలో 1 శాతం మంది రక్తం ఇస్తే ఒక దేశపు కనీస అవసరాలు తీరతాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరిట వేదికలన్నింటి మీదా వినిపించే లెక్క. 2011 జనగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల జనాభా కలిపి సుమారు 8.45 కోట్లు గనుక ఏడాదికి 8.45 లక్షల యూనిట్లు కావాలనుకుంటే, ఏటా మూడుసార్లు ఇచ్చే దాతలు మూడు లక్షల మంది ఉన్నా లెక్క సరిపోతుంది. ఈ సంఖ్యను చూసి బెదరవలసిన పని లేదని, పెద్ద హీరో సినిమా విడుదలైన రోజున తెల్లవారుజాము ఆటకు కటౌట్ల ముందు గుమిగూడే జనాన్ని ఒక్కసారి చూసినవారెవరైనా అంగీకరిస్తారు. ఇవ్వగలవారు ఉన్నారు, ఇవ్వాలన్న మనసూ ఉంది. అయినా ఆసుపత్రి వరండాలో ఒక యూనిట్ కోసం ఫోన్లు చేస్తూ తిరిగే మనిషి ప్రతి ఊళ్లోనూ ప్రతి రోజూ కనిపిస్తాడు. ఈ వైచిత్రికి కారణం తెలియాలంటే శాస్త్రం చెప్పిన మూడు లక్షణాలనూ వరుసగా పరిశీలించాలి.

మొదటిది కాలం. రక్తం గాదెలో పోసి దాచుకునే ధాన్యం కాదు. గడ్డకట్టకుండా కాపాడే ద్రావణం ఉన్న సంచిలో తీసిన రక్తం 35 రోజులు నిలుస్తుంది. దాని నుంచి వేరుచేసిన ఎర్రకణాలు, అంటే వాడుకలో ప్యాక్డ్ సెల్స్ అనేవి, ప్రత్యేక పోషక ద్రావణం కలిపి శీతల యంత్రంలో ఉంచితే 42 రోజులు ఉంటాయి. రక్తస్రావాన్ని ఆపడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు, డెంగీ సీజన్‌లో మాత్రమే ఊరంతటికీ గుర్తుకు వచ్చే ఆ సూక్ష్మ కణాలు, నిరంతరం కదిలిస్తూ కాపాడినా అయిదు రోజులకు మించి పనికిరావు. మరోవైపు రక్తం అవసరానికి మాత్రం పండుగ, పబ్బం, తిథి, వారం లేవు. ఎర్రకణాలను శరీరం సరిగా తయారుచేసుకోలేని తలసీమియా వ్యాధితో పుట్టిన బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. ప్రమాదానికి గురైనవారికి, కాన్పులో రక్తస్రావమయ్యే తల్లికి ఆ గంటలోనే కావాలి.

ఇంత నిలకడగా సాగే అవసరానికి తెలుగు సమాజం ఎన్నుకున్న ముహూర్తం నాయకుడి పుట్టినరోజు. కేకు కోయడానికి, ఆసుపత్రిలో పళ్లు పంచడానికి మధ్యనున్న ఖాళీలో రక్తదాన శిబిరం చక్కగా ఇమిడిపోతుంది. షామియానా కింద మంచం మీద దాత పడుకుని ఉంటాడు; చేతికి సూది గుచ్చి, పిడికిట్లో మెత్తని బంతి పెట్టి, మాటిమాటికీ నొక్కుతుండమని నర్సు చెబుతుంది; ఇంతలో నాయకుడు పరివారంతో వచ్చి, ఆ బంతి మీద తానూ ఒక చెయ్యి వేసి, ముఖం కెమెరా వైపు తిప్పి, ఫ్లాష్ వెలిగేంతవరకు ఆ సేవలో నిమగ్నుడై, పక్క మంచానికి కదులుతాడు. మర్నాటి పత్రికలో రక్తం ఎవరు ఇచ్చారో పాఠకుడు ఊహించుకోవలసిందే. అరటిపండుతో, బిస్కెట్ ప్యాకెట్‌తో పాటు దాత చేతికి అందే ప్రశంసాపత్రంలో నాయకుడి బొమ్మ అరచేయంత, దాత పేరు చీమ తలకాయంత ఉంటాయి. దాత గ్రూపు రాయవలసిన గడి చాలాసార్లు ఖాళీగానే మిగులుతుంది.

ఈ ఉత్సాహాన్ని అసలు వద్దనడం అన్యాయమే అవుతుంది. 1998లో హైదరాబాద్‌లో చిరంజీవి పేరిట రక్తనిధి వెలసిన తరువాత, అభిమానం పాలాభిషేకాలకే కాక రక్తదానానికీ పనికివస్తుందని తేలింది. చిక్కంతా ముహూర్తంలోనే ఉంది. ఒక్క రోజున వందల మంది ఇచ్చిన రక్తం ఆ రోజుకు, ఆ వారానికి, ఆ నెలకు అవసరమైన దానికంటే మిగిలిపోతే, గడువు తీరిన సంచులు పారవేయడానికి వెళతాయి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి మాత్రమే రక్తం ఇవ్వాలన్న నిబంధన వల్ల ఆ ఊళ్లోని దాతలందరి చేతులకూ ఆ రోజుతో కనీసం మూడు నెలల తాళం పడుతుంది. మూడో వారంలో ఎక్కడో ఒక లారీ బోల్తా పడితే పిలవడానికి ఎవరూ ఉండరు. అందరి దగ్గరా ప్రశంసాపత్రాలు మాత్రం ఉంటాయి. కళాశాలల శిబిరాల మీద ఆధారపడిన రక్తనిధులకు పరీక్షలు ముగిసి, విద్యార్థులు ఊళ్లకు చేరే ఏప్రిల్, మే నెలలు క్షామకాలాలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నంత ధైర్యంగా అప్పుడు రక్తానికి కొరత వస్తుందని ఎవరైనా జోస్యం చెప్పవచ్చు. అయినా ఏటా అది అనుకోని విపత్తుగానే వార్తలకెక్కుతుంది.

రెండవది పాత్రత. పూర్వం పుచ్చుకునేవాడి యోగ్యతను దాత పరీక్షించేవాడు. రక్తదానంలో పరీక్ష దాతకే. జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాత వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉండాలి. హిమోగ్లోబిన్‌ను తేల్చే పాత పద్ధతి చూడముచ్చటైనది: వేలి కొసన గుచ్చి తీసిన చుక్కను నీలి రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వదిలితే, తగినంత హిమోగ్లోబిన్ ఉన్న చుక్క తిన్నగా అడుగుకు చేరుతుంది, చాలనిది మధ్యలో తచ్చాడి పైకి తేలుతుంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది గనుక, శిబిరాలకు వచ్చిన అమ్మాయిలలో ఎందరి చుక్కలు తేలిపోతాయో చెప్పనక్కరలేదు. మార్గదర్శకాల పేరులోనే దాతల ఎంపికతో పాటు, అవసరమైనవారిని తదుపరి వైద్యానికి పంపడం కూడా చేరి ఉంది. శిబిరంలో మాత్రం అది సాధారణంగా ‘నీకే రక్తం లేదు, నువ్వేమిస్తావమ్మా’ అన్న ఒక్క వాక్యంగా కుదించుకుపోతుంది. ఒక ఇనుము మాత్రల చీటీ, నాలుగు మంచి మాటలు దక్కితే ఆరు నెలల తరువాత దాతగా తిరిగి రాగలిగిన మనిషి, నవ్విన స్నేహితురాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి, ఇక ఆ ఛాయలకే రాదు.

ఈ నియమాలకు శాస్త్రీయ కారణాలు లేకపోలేదు. సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తారు. సూక్ష్మజీవి శరీరంలో చేరిన తొలి రోజుల్లో పరీక్షకు చిక్కకుండా దాగే వ్యవధి, అంటే విండో పీరియడ్ ఒకటుంటుంది గనుక, దాత నిజాయితీగా చెప్పే సమాధానాలే మొదటి కాపలా. పచ్చబొట్టు పొడిపించుకున్నవారు ఏడాది పాటు రక్తం ఇవ్వరాదన్న నియమమూ ఇందువల్లనే వచ్చింది. అభిమాన హీరో పేరు ముంజేతి మీద టాటూగా పొడిపించుకున్న భక్తుడు ఆ హీరో పుట్టినరోజు శిబిరానికి అనర్హుడు కావడం భక్తి, వైద్యం ముఖాముఖి ఢీకొన్న అపురూప సందర్భం. అయితే అదే మార్గదర్శకాలు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను, స్వలింగ సంపర్కులైన పురుషులను, సెక్స్ వర్కర్లను శాశ్వతంగా పక్కన పెట్టాయి. ఎవరు ఎలా నడుచుకున్నారని అడగక ఎవరెవరని చూసి తలుపు మూయడం వివక్ష అంటూ దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు.

మూడవది దేశం, అంటే స్థలం. దాత ఎక్కడున్నాడో అక్కడికి శిబిరం రాని 360 రోజుల్లో దాత తానే రక్తనిధికి వెళ్లాలి. చాలామంది గ్రామస్థులకు అది జిల్లా కేంద్రంలోనో, బస్సు దిగాక మళ్లీ ఆటో ఎక్కాల్సిన చోటనో ఉంటుంది. రక్తం తీయడానికి పట్టేది పది నిమిషాలు. ఫారం నింపడానికి, డాక్టర్ భోజనం ముగించుకుని వచ్చేంతవరకు కూర్చోవడానికి, వచ్చాక ఆ గ్రూపు ప్రస్తుతానికి అక్కరలేదని తెలుసుకోవడానికి పూట గడిచిపోతుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇందుకోసం ఏడాదికి నాలుగుసార్ల వరకు ప్రత్యేక సెలవు ఇస్తూ 2017 డిసెంబర్‌లో ఉత్తర్వు వెలువడింది. తాపీమేస్త్రీకి, డెలివరీ కుర్రవాడికి, బట్టల కొట్టు సేల్స్‌గర్ల్‌కు ఆ పూట కూలి కూడా దానంలో భాగమే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేటి కాలంలో దొరకదు.

ఈ మూడు లోపాల భారమూ చివరకు వచ్చి పడేది రోగి వెంట వచ్చినవారి మీద. డబ్బుకు రక్తం అమ్ముకునే వృత్తి దాతల వ్యవస్థను రద్దు చేయాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, 1998 జనవరి నుంచి అది అమలైంది. బంధువుల చేత బదులు రక్తం ఇప్పించే పద్ధతిని క్రమంగా తొలగించాలని 2002 నాటి జాతీయ రక్త విధానం సంకల్పించింది. ఆ సంకల్పం ఆసుపత్రి కౌంటర్ దాకా వచ్చేసరికి ‘రీప్లేస్‌మెంట్ తీసుకురండి’ అనే ఆజ్ఞగా రూపాంతరం చెందుతుంది: ఎక్కించిన యూనిట్‌కు బదులుగా మరొక యూనిట్ ఇచ్చే మనిషిని రోగి తాలూకు వారే వెదికి తేవాలి. అప్పుడు పొలంలో ఉన్న బావమరిదికి ఫోన్ వెళుతుంది. రానంటే చెల్లెలి కాపురంలో మాట వస్తుంది. వచ్చి, గతేడాది కామెర్లు వచ్చాయని నిజం చెబితే తప్పించుకోవడానికి ఆడిన నాటకమంటారు. అందుచేత అతడు ఫారంలో అన్నింటికీ ‘లేదు’ అని టిక్కు పెడతాడు. స్వేచ్ఛగా వచ్చినవాడి రక్తమే అందరికంటే సురక్షితమని వైద్యులు చెప్పేది ఇందుకే. మొహమాటానికి ఇచ్చిన రక్తంలో ఏముందో మొహమాటపడినవాడికే తెలుస్తుంది. బావమరిది లేనివారికి క్యాంటీన్ దగ్గర ఒక దళారీ ప్రత్యక్షమై, ఆ బంధుత్వాన్ని గంటకింతని అద్దెకు కుదురుస్తాడు.

ఇక డబ్బు సంగతి. రక్తానికి వెల కట్టరాదు గనుక పరీక్షలకు, నిల్వకు అయిన ఖర్చు మాత్రమే ప్రాసెసింగ్ చార్జీగా తీసుకోవాలి. 2022లో సవరించిన పట్టిక ప్రకారం ఒక యూనిట్ ప్యాక్డ్ సెల్స్‌కు ప్రభుత్వ కేంద్రాల్లో రూ. 1,100, ప్రైవేటు కేంద్రాల్లో రూ. 1,550 గరిష్ఠ మొత్తాలు. రక్తం అమ్మకపు సరుకు కాదని ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబర్‌లో మళ్లీ గుర్తుచేయవలసి వచ్చిందంటే, ఆ సంగతి ఎంత సులువుగా మరపున పడుతుందో తెలుస్తుంది. ఈ లెక్కలేవీ దాతకు ముందుగా ఎవరూ చెప్పరు. తాను ఉచితంగా ఇచ్చిన దానికి తన అన్న బిల్లు కట్టవలసి వచ్చిన రోజున, పర్సులో మడతలు పడిన దాత కార్డును కౌంటర్ మీద పెట్టి, అది ఆ ఆసుపత్రిలో చెల్లదని విని, మహాదానమన్న మాట మీదనే అతడికి విరక్తి కలుగుతుంది.

నిల్వల వివరాలు చూపడానికి ఈ-రక్తకోశ్ అనే ప్రభుత్వ పోర్టల్ 2016 నుంచి ఉన్నా, కంగారులో ఉన్న మనిషి వేళ్లు వాట్సాప్ వైపే పోతాయి. తేదీ లేని ‘అర్జెంట్, ఓ నెగటివ్ కావాలి’ సందేశం చిరంజీవిగా గ్రూపు నుంచి గ్రూపుకు తిరుగుతూ, కోలుకుని ఇంటికి చేరిన రోగికే మూడో నెలలో తిరిగివస్తుంది. దానిని పదిమందికి పంపినవారు తాము ఒక ప్రాణం కాపాడామన్న తృప్తితో నిద్రపోతారు. అందులో ఉన్న నంబర్ గలవాడికి మాత్రం ఆ రాత్రీ నిద్ర ఉండదు.

వీటన్నింటికీ మందు మరొక నినాదం కాదు. దాతల పేర్లు, గ్రూపులు, చివరిసారి ఇచ్చిన తేదీలు రక్తనిధి దగ్గర ఉన్నాయి; గడువు నిండినవారిని వారానికి కొందరి చొప్పున, అవసరమైన గ్రూపును బట్టి, పేరు పెట్టి పిలిచి, రమ్మన్న వేళకు డాక్టర్ కుర్చీలో ఉండేటట్లు చూడటానికి చట్టసవరణ అక్కరలేదు, ఒక గుమాస్తా, ఒక ఫోన్ చాలు. అయితే పుట్టినరోజు లేని రక్తదానం మన ప్రజాజీవితానికి ఒంటబట్టదంటే, అందుకూ శాస్త్రసమ్మతమైన ఉపాయం ఉంది. బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు తోచిన తేదీ వేయడం ఆచారమైన ఈ ప్రాంతంలో పాతతరం నాయకులలో చాలామందికి అసలు పుట్టినరోజు ఒకటి, రికార్డు పుట్టినరోజు మరొకటి ఉంటాయి. మొదటి దానిని కేకుకు, రెండవ దానిని రక్తానికి కేటాయించి, ఆ రెండవది మే నెలలో పడేటట్లు నియోజకవర్గాల వారీగా ఒక పట్టిక వేసుకుంటే చాలు. వయసు విషయంలో ఇదివరకే ఒకసారి సర్దుకున్న రికార్డును ప్రజాహితం కోసం ఇంకొక్కసారి సర్దుకోవడానికి ఏ నాయకుడూ అభ్యంతరం చెప్పడు. ఫ్లెక్సీలో బొమ్మ సైజు తగ్గించనంతవరకు.