ఏఎంసీ ఉందిగా!

విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల సంస్థకి నేను ఐటీ విభాగాన్ని. విభాగంలో ఉద్యోగిని కాదు, విభాగమే నేను. నా కింద ఒక కుర్రాడున్నాడు. సగం రోజు నా దగ్గర, సగం రోజు పార్సిల్ సెక్షన్‌లో పనిచెయ్యాలని ఒప్పందం. ఏ సగం ఎవరిదో పార్సిల్ సెక్షన్ నిర్ణయిస్తుంది.

బట్టల మూటలకి ఐటీ ఎందుకని తీసిపారెయ్యకండి. సూరత్ నుంచి బేళ్లు దిగింది మొదలు, గుడివాడ, బందరు, నూజివీడు, అవనిగడ్డ షాపులవాళ్ల మూటలు లారీ ఎక్కేదాకా ప్రతి మీటరూ కంప్యూటర్‌లోంచి వెళ్లాల్సిందే. ఇక్కడి బట్టల మార్కెట్ వస్త్రలతలోనైనా, దాని చుట్టుపక్కల సందుల్లోనైనా ఇదే కథ. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. 2018 ఏప్రిల్ 15 నుంచి మన రాష్ట్రం లోపల తిరిగే సరుక్కీ ఈ-వే బిల్లు వచ్చింది. అంతకుముందు కంప్యూటర్ మొరాయిస్తే గుమాస్తాగారు బిల్లు పుస్తకం తీసి, కార్బన్ కాగితం పెట్టి, గుండ్రటి అక్షరాలతో రాసి పడేసేవారు. ఇప్పుడు 50,000 రూపాయలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా గడప దాటకూడదు. కంప్యూటర్ ఆగితే హమాలీ ఆగుతాడు. హమాలీ ఆగితే ఆటో ఆగుతుంది. ఆటో ఆగితే దాని వెనకాల వన్ టౌన్ మొత్తం ఆగి హారన్ కొడుతుంది. అప్పుడు అందరూ కలిసి నా వైపు చూస్తారు.

మా యజమాని పెద్దాయన మాత్రం చూడరు. పద్దు పుస్తకంలోంచి తలెత్తకుండా ఒకే మాటంటారు.

"ఏఎంసీ ఉందిగా!"

ఉందండి. ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ కాంట్రాక్టు, అన్నిటికీ ఉంది. సర్వర్‌కి ఒకటి, ప్రింటర్లకి ఒకటి, యూపీఎస్‌కి ఒకటి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటి, ఇంటర్నెట్‌కి ఒకటి, సీసీ కెమెరాలకి ఒకటి, హమాలీల వేళ్లు ఎప్పుడూ గుర్తుపట్టని వేలిముద్రల మిషన్‌కి ఒకటి. అన్నీ సంవత్సరానికోసారి ముందుగానే డబ్బు కట్టేవి, 18 శాతం జీఎస్టీ అదనం. అన్నిటి గడువూ మార్చి 31నే ముగుస్తుంది. అందుచేత మార్చి నెలలో నేను కంప్యూటర్లు బాగుచెయ్యను. కంప్యూటర్లు బాగుచేసేవాళ్ల కాగితాలు బాగుచేస్తాను.

ఈ కాగితాలు చదవడం ఒక విద్య. మొదటి పేజీలో లావు అక్షరాలతో "నాలుగు గంటల్లో స్పందన" అని ఉంటుంది. పెద్దాయన చూసేది ఈ పేజీయే. స్పందన అంటే మనం ఫోన్ చేస్తే ఒక నంబరిస్తారు, అది. ఆ నంబరు మన సెల్‌ఫోన్‌కి వస్తుంది. దాంతో వాళ్ల బాధ్యత తీరింది. బాగుచెయ్యడం ఎన్ని గంటల్లోనో ఏ పేజీలోనూ ఉండదు. ఉన్నా "వీలైనంత త్వరగా" అని ఉంటుంది. వన్ టౌన్ వ్యాపారులు బాకీ తీర్చడానికి చెప్పే గడువు కూడా అదే కాబట్టి, ఇందులో తప్పుందని మావాళ్లెవరికీ తోచలేదు.

ఇంకో చమత్కారం ఉంది. వాళ్ల గడియారం మనం జవాబు చెప్పాల్సిన ప్రతిసారీ ఆగిపోతుంది. "సిస్టమ్ ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేశారా అండీ?" అని అడుగుతారు. అడిగిన క్షణం నుంచి ఆలస్యం మనది. మధ్యాహ్నం భోజనానికి చెయ్యి కడుక్కుంటున్నప్పుడు ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఫిర్యాదు మూసేస్తారు. సాయంత్రానికి "మా సేవతో మీరు సంతృప్తి చెందారా? 1 నుంచి 5 వరకు మార్కులివ్వండి" అని మెసేజ్ వస్తుంది. ఆ మెసేజ్ మాత్రం ఎన్నడూ ఆలస్యం కాలేదు.

చివరి పేజీ చిన్న అక్షరాలది. అందులో ఏవేవి చెయ్యరో ఉంటుంది. మావాళ్లింకా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు వాడతారు, మూడు కాపీలు ఒకేసారి పడాలి కనుక. ఆ ప్రింటర్‌లో పాడయ్యేది హెడ్డు. కాంట్రాక్టులో హెడ్డు లేదు. రిబ్బన్ లేదు. ప్లాస్టిక్ భాగాలు లేవు. యూపీఎస్‌లో పాడయ్యేది బ్యాటరీ. కాంట్రాక్టులో బ్యాటరీ లేదు. పాడవనివన్నీ మాత్రం పూర్తిగా వాళ్ల బాధ్యతే.

వర్షాకాలంలో ఒకసారి సర్వర్ తీగ ఎలుక కొరికింది. వచ్చిన ఇంజనీరు టార్చి వేసి చూసి, "ఇది కవర్ అవదండీ, దైవఘటన కింద వస్తుంది" అన్నాడు.

"ఎలుక దైవఘటన ఏంటయ్యా?" అన్నారు గుమాస్తాగారు.

"వినాయకుడి వాహనమే కదండీ" అన్నాడు. మా సంస్థలో కాంట్రాక్టుని ఇంత భక్తితో చదివినవాడు ఇంకొకడు లేడు.

"99 శాతం సమయం పనిచేస్తుంది" అనే హామీ కూడా ఇలాంటిదే. 99 మార్కులొస్తే పిల్లాడికి సైకిల్ కొనిపెట్టే ఊరు మనది. కానీ 30 రోజుల నెలలో మిగిలిన ఒక్క శాతం ఏడు గంటల పైమాటే. ఆ ఏడు గంటలూ ఎప్పుడు వాడుకోవాలన్నది వాళ్లిష్టం. నెలలో 11వ తేదీ జీఎస్టీఆర్-1 రిటర్నుకి గడువు, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ రిటర్నుకి గడువు. మా ఇంటర్నెట్‌కి ఈ తేదీలు అకౌంటెంటు కంటే బాగా గుర్తుంటాయి.

ఇక అసలు ఘట్టం, రెండు కాంట్రాక్టుల మధ్య పడ్డ సమస్య. బిల్లు ప్రింటవదు. సాఫ్ట్‌వేర్ అతను ఫోన్‌లోనే, "మా వైపు అంతా బాగుందండీ, నెట్‌వర్క్ చూసుకోండి" అంటాడు. నెట్‌వర్క్ అతను వచ్చి, "కరెంటు సరిగ్గా రావట్లేదు, యూపీఎస్ వాళ్లని పిలవండి" అంటాడు. యూపీఎస్ అతను మీటరు పెట్టి, పెదవి విరిచి, "బిల్డింగ్ వైరింగ్ పాతది" అంటాడు. ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకుని, "నా కరెంటు బంగారం, సాఫ్ట్‌వేర్ వాళ్లని అడగండి" అంటాడు. ప్రదక్షిణ పూర్తయింది. సమస్య ఇంకా గర్భగుడిలోనే ఉంది. దీనికి మందొకటే. అందర్నీ ఒకే ఫోన్ కాల్‌లోకి లాగి, ఎవరూ పెట్టెయ్యకుండా కూర్చోబెట్టడం. అలా చేస్తే సమస్య పావుగంటలో తేలుతుంది. అలా చెయ్యడానికి వాళ్లందర్నీ పట్టుకోవాలిగా, దానికి ఒక పూట పోతుంది. ఆ పూట నాది.

ఈలోగా మిగతా పనులు ఆగవు. కౌంటర్ దగ్గర యూపీఐ డబ్బా పలకడం మానేసింది. చిన్నబాబుగారి ఫోన్‌లో వాట్సాప్ నిండిపోయింది. పెద్దాయన మనవరాలి పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోంచి టీవీకి ఎక్కడం లేదు. ప్రతి ఒక్కటీ "ఒక్క నిమిషం పని". ఈ ఊళ్లో అతి పొడవైన కాలమానం అదే.

ఒక్క నిమిషం పని మిగతావాటిని ఎలా ఆపుతుందో దసరాల్లో మా సందు చివర నిలబడితే బాగా అర్థమవుతుంది. కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర మొదలైన క్యూ ఇంద్రకీలాద్రి దాకా సాగుతుంది. ధర్మదర్శనం లైను కదులుతూనే ఉంటుంది, ఒక వీఐపీ బండి వచ్చేదాకా. బండి వచ్చిందా, అందరూ ఆగాలి. నా దగ్గర ధర్మదర్శనం లైన్లో ఈ-వే బిల్లులు నిలబడి ఉంటాయి. వీఐపీ లైన్లోంచి పెళ్లి వీడియో వస్తుంది.

క్యూలకి ఒక లెక్క ఉంది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఆయన ఆ లెక్కలకి ఆద్యుడు, 1909లో మొదటి పత్రం అచ్చువేశాడు. ఆ దారిలో పుట్టిన సూత్రమొకటి నాలాంటి ఒంటిగాళ్ల కోసమే అన్నట్టుంటుంది. పనులు ఎప్పుడొస్తాయో తెలియదు, చిన్నదో పెద్దదో తెలియదు, సగటున ఒక్కోటి అరగంట అనుకుందాం. మనిషి సమయంలో సగమే నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని సగటున అరగంట ఆగుతుంది. 80 శాతం నిండితే రెండు గంటలు. 90 శాతం నిండితే నాలుగున్నర గంటలు. 95 శాతానికి తొమ్మిదిన్నర గంటలు, అంటే ఆ పని రేపటిది. ఉద్యోగి పూర్తిగా కష్టపడుతున్నాడని యజమాని మురిసిపోయే స్థితికీ, సరుకు లారీ ఎక్కని స్థితికీ మధ్య తేడా ఇంతే.

ఈ సంగతి పెద్దాయనకి ఎర్లాంగ్ పేరుతో చెబితే "ఆయనెవరు, సూరత్ పార్టీయా?" అంటారు. అందుకని ఆయనకి తెలిసిన పద్ధతిలోనే వెళ్లాను. మా వ్యాపారంలో చిట్టా అంటే పవిత్ర గ్రంథం. ఒక చిట్టా పుస్తకం కొని, మొదటి పేజీలో పసుపు రాసి, కంప్యూటర్ పక్కన పెట్టాను. ఎవరు ఏ పని చెప్పినా అందులో పడుతుంది. ఎవరు చెప్పారు, ఏం పని, ఎంతసేపు పట్టింది, ఎవరి కోసం ఆగాల్సి వచ్చింది. పెద్ద కంపెనీలు దీనికి లక్షలు పోసి టికెట్ల సాఫ్ట్‌వేర్ కొంటాయి. నాకు ఎర్ర అట్ట పుస్తకం చాలింది. పుస్తకంలో రాయమనేసరికి "ఒక్క నిమిషం పనులు" సగం తగ్గిపోయాయి. పేరు పక్కన పెళ్లి వీడియో అని పడటం ఎవరికీ ఇష్టముండదు.

నెల తిరిగాక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చిట్టా చదివారు.

"ఏమయ్యా, 'యూపీఎస్ వాళ్ల కోసం ఎదురుచూపు' అని ప్రతి పేజీలోనూ ఉందేంటి?"

"ఎదురుచూశానండీ."

"అంటే వాళ్లకి డబ్బు కట్టి, వాళ్లని కనిపెట్టుకుని కూర్చోడానికి నీకు జీతం ఇస్తున్నానా?"

"అవునండీ."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వ్యాపారికి వడ్డీ మీద వడ్డీ కట్టానని తెలిసినప్పుడు ఉండే మౌనం అది. ఆ తర్వాత వచ్చిన మార్చిలో కాంట్రాక్టుల కట్ట పెద్దాయనే ముందేసుకున్నారు. చిన్న ప్రింటర్లకి ఏఎంసీ మానేసి, ఆ డబ్బుతో ఒక ప్రింటర్ అదనంగా కొని అలమరలో పెట్టించారు. పాడైతే అది తీసి ఇది పెట్టడం మా కుర్రాడు కూడా చేస్తాడు, పార్సిల్ సెక్షన్ దయ తలిస్తే. సర్వర్‌కీ, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కీ కాంట్రాక్టు ఉంచారు. కానీ డబ్బు మూడు నెలలకోసారి, ఆలస్యమైతే కోత. సరుకు బేరంలో పైసా దగ్గర గంటసేపు కూర్చునే మనిషి సేవ బేరంలో ఇన్నేళ్లూ అడిగినంత ఇచ్చేశారంటే, అవతలివాళ్లు ఇంగ్లీషులో రాశారు కాబట్టే.

పెద్ద కాంట్రాక్టులున్నవాళ్లు సుఖంగా ఉన్నారనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో నిలబడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంప్యూటర్లున్న కంపెనీలన్నిటికీ ఏఎంసీ కంటే ఘనమైన కాగితాలుండే ఉంటాయి. అయినా చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికి ఒక మనిషి వెళ్లి, కూర్చుని, ఆ అప్‌డేట్ ఫైలు తీసేస్తే గానీ అది లేవలేదు. ఆ వార్త చదివి మా గుమాస్తాగారు బిల్లు పుస్తకం దుమ్ము దులిపి, కార్బన్ కాగితాలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకున్నారు.

కాబట్టి కాళేశ్వరరావు మార్కెట్ నుంచి పంజా సెంటర్ దాకా ఉన్న యజమానులందరికీ నా మనవి. మార్చి 31న సంతకం పెట్టేముందు కాంట్రాక్టు చివరి పేజీ మొదట చదవండి. ఎన్ని గంటల్లో ఫోనెత్తుతారని కాదు, ఎన్ని గంటల్లో బాగుచేస్తారని అడగండి. అప్పటిదాకా వాడుకోడానికి ఇంకో మిషన్ ఇస్తారా అడగండి. మాట తప్పితే ఎంత తగ్గించుకోవచ్చో కాగితం మీద రాయించండి. దసరా తొమ్మిది రోజులూ వన్ టౌన్‌లోకి మనిషి ఎలా వస్తాడో కూడా అడగండి. ఇక మీ ఐటీ కుర్రాడు మధ్యాహ్నం మూడింటికి టీ తాగుతూ ఖాళీగా కనిపిస్తే, వెంటనే పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లకండి. అతని రోజులో అయిదో వంతు ఖాళీగా ఉంటేనే 20వ తేదీ సాయంత్రం మీ రిటర్ను వెళ్తుంది. ఆ ఖాళీకి కట్టే జీతమే మీరు కొన్న వాటన్నిటిలోకీ చవకైన ఏఎంసీ.