ఊరిని కూడా మైగ్రేట్ చేసేయండి

పోయిన వారం ఒక ప్రభుత్వ శాఖ వారు ప్రకటన ఇచ్చారు. ఏ శాఖో చెప్పక్కర్లేదు, ఈపాటికి మీరూ ఒకసారి ఆ సైట్ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చే ఉంటారు. వెబ్‌సైట్‌ను విజయవంతంగా కొత్త వేదికకు మార్చాం, పాత లింకులు ఇక పనిచేయవు, కావలసినవారు కొత్త సైట్‌లో వెతుక్కోవచ్చు అని దాని సారాంశం. వెతుక్కున్నాను. సెర్చ్ పెట్టెలో ‘నష్టపరిహారం’ అని కొడితే అమాత్యులవారు మొక్క నాటుతున్న ఫొటోలు వరసగా వచ్చాయి.

మార్చడమే తప్పని నేననను. పాత సైట్ నడిచింది డ్రూపల్ 7 మీద. 2011లో వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. గడువు పొడిగించి పొడిగించి, చివరికి 2025 జనవరి 5తో దానికి భద్రతా మరమ్మతులు ఆపేశారు. మరమ్మతు లేని సాఫ్ట్‌వేర్ మీద ప్రభుత్వ కాగితాలు ఉంచకూడదు, నిజమే. అయితే మార్చిన తీరు చూశాక నాకు అనిపించిందేమిటంటే, ఇంత విజయవంతమైన పద్ధతిని ఒక్క వెబ్‌సైట్‌తో ఆపేయడం అన్యాయం. ఇదే కాంట్రాక్టరుకు, ఇవే షరతులతో, ఒక ఊరిని అప్పగించాలి. జిల్లా కేంద్రం ఒకటి చాలు, పైలట్ ప్రాజెక్టుగా.

శుక్రవారం ఆఫీసులు మూశాక పని మొదలవుతుంది. సోమవారం తెల్లారేసరికి ఊరు కొత్త చోట ఉంటుంది. వీధులు విశాలం, ఫోన్‌లో కూడా చక్కగా కనిపిస్తాయి. ముఖద్వారం మీద ముఖ్యమంత్రి, మంత్రి, కార్యదర్శి, కమిషనర్ల నిలువెత్తు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి పక్కకు జరుగుతుంటాయి. ఏ మైగ్రేషన్‌లోనైనా ఒక్క చుక్క కూడా చెదరకుండా చేరేవి ఇవే. మిగిలిన సరుకు సంగతి వేరు.

ముందు జనం పేర్లు. తెలుగు పట్టని పాత రకం పట్టికలోకి తెలుగు పోస్తే డేటాబేస్ గొడవ చేయదు. ఒక్కో అక్షరానికీ ఒక్కో ప్రశ్నార్థకం పెట్టి తన పని కానిచ్చేస్తుంది. కాబట్టి సోమవారం పొద్దున సగం ఊరి గుమ్మాల మీద ‘????? ????’ అని ఉంటుంది. ప్లీడరు గారి బోర్డులో బి.ఏ., బి.ఎల్. మాత్రం ఇంగ్లీషులో ఉంది కాబట్టి బతికి బయటపడింది. మిగతావాళ్లలో చాలామంది డీటీపీ సెంటర్లో పాత ఫాంట్లతో కొట్టిన జనం. ఆ ఫాంట్లు పైకి తెలుగులా కనిపిస్తాయి గానీ, లోపల ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఫాంటు పోతే అవి బయటపడతాయి. పెళ్లిపందిట్లో పురోహితుడు గొంతు సవరించుకుని ‘కామా డాలర్ చిన్న క్యూ శర్మణే వరాయ’ అని అందుకోవాల్సిందే.

యూనికోడ్‌లో ఉన్నవాళ్లం, మాకేం ఢోకా లేదని మురిసిపోకండి. కొత్త వేదిక వర్డ్‌ప్రెస్. అందులో పేజీ చిరునామాకు ఇచ్చిన గది 200 అక్షరాలు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క గడి చాలు. మన అక్షరం చిరునామాలోకి ఎక్కేటప్పుడు తొమ్మిది గడులు తింటుంది, గుణింతానికి వేరే తొమ్మిది, పొల్లుకు మరో తొమ్మిది. అంటే మొత్తం కలిపి 22కి మించి పట్టవు. శ్రీనివాస వేంకట సత్యనారాయణ మూర్తి గారు లారీ ఎక్కినప్పుడు నిండుగానే ఉన్నారు. దిగేటప్పటికి ‘శ్రీనివాస వేంకట సత్యనారా’ అయ్యారు. మిగతాది దారిలో రాలిపోయింది. కాంట్రాక్టరును అడిగితే ఎర్రర్ ఏమీ రాలేదే అంటాడు. నిజమే, రాలేదు.

తర్వాత పుట్టిన తేదీలు. పేజీలను హడావుడిగా దిగుమతి చేస్తే, పాత తేదీలు పోయి అన్నిటి మీదా దిగుమతి అయిన రోజే పడుతుంది. ఆ లెక్కన ఊరంతా ఆదివారం రాత్రి పుట్టింది. వృద్ధాప్య పింఛన్లు ఆగిపోతాయి, వృద్ధులు లేరు కాబట్టి. రిటైరైన తహసీల్దారుకూ ఆయన మనవడికీ అంగన్‌వాడీలో ఒకే వరసలో కోడిగుడ్డు. ఖజానాకు ఎంత ఆదా అవుతుందో ఆర్థిక శాఖ వారు ఇంకా గమనించినట్టు లేదు, నా పుణ్యాన గమనిస్తారేమోనని భయంగా ఉంది.

తండ్రి పేరు? దిగుమతిలో అసలు రచయిత దొరకని ప్రతి పేజీకీ కొత్త సైట్ ఒకే పేరు తగిలిస్తుంది: అడ్మిన్. ఇప్పుడు ఊళ్లో ప్రతివాడి తండ్రి పేరూ అడ్మినే. పైన చెప్పిన పెళ్లి కూడా ఇక జరగదు, వధూవరులు అన్నాచెల్లెళ్లు అయిపోయారు కదా. కులం గడిలో ‘అన్‌కేటగరైజ్డ్’ అని ఉంటుంది. ఎన్నో కమిషన్లు కూర్చుంటే గానీ తేలని వర్గీకరణ ఒక్క రాత్రిలో తేలిపోయింది.

పౌరుల ఫిర్యాదులను తరలించడం కాంట్రాక్టులో లేదు. కొత్త ఊళ్లో పెండింగ్ ఫిర్యాదులు సున్నా. దీనికి అవార్డు వస్తుంది, రాసిపెట్టుకోండి. ఊరి చరిత్ర చెప్పే శిలాఫలకం మీద మాత్రం ‘లోరెమ్ ఇప్సమ్’ అని లాటిన్ ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందటి సిసెరో మాటల్ని ముక్కలు చేసి కలిపిన పూత అది, అసలు విషయం వచ్చేదాకా ఖాళీ నింపడానికి పెడతారు. అసలు విషయం రాలేదు.

ఇక పాత చిరునామా పట్టుకుని వచ్చే బంధువుల మాట. ఒకప్పుడు ఊరు ఉన్న చోట ‘మీరు వెతుకుతున్నది కనబడలేదు’ అని పలక. జనం మరీ గోల పెడితే దయగల పద్ధతి ఇంకొకటుంది: ఏ పాత వీధిలోకి అడుగుపెట్టినా తిన్నగా తీసుకెళ్లి కొత్త ముఖద్వారం ముందు నిలబెట్టడం. ఆసుపత్రికని బయల్దేరిన అంబులెన్సూ, శ్మశానానికని బయల్దేరిన పాడే, రెండూ అక్కడే, జరుగుతున్న బొమ్మల ముందు ఆగుతాయి. లింకు పనిచేసినట్టే లెక్క.

ఇది సాంకేతిక సమస్య అనేవాళ్లకు ఒక మాట. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ, మంచి చిరునామాలు మారవని 1998లోనే రాశాడు. మార్చక తప్పకపోతే 301 అనే సంకేతం ఉంది: ఇది శాశ్వతంగా ఫలానా చోటికి వెళ్లింది అని బ్రౌజర్‌కు చెబుతుంది. పాత చిరునామా ఒక పక్క, కొత్తది ఇంకో పక్క రాసిన పట్టిక ఉంటే చాలు. బొమ్మలు జరిపించే పనికంటే పెద్ద విద్యేమీ కాదు. కావాలనే తీసేస్తే దానికీ 410 ఉంది: ఇక్కడ ఉండేది, తొలగించాం అని ఒప్పుకోవడం. మనవాళ్లు వాడేది 404. ఉండేదా, లేదా, ఎక్కడికి పోయింది, దేనికీ జవాబు చెప్పక్కర్లేని సంకేతం అది.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను వెబ్‌సైట్లో పెట్టడం ఆపేసింది. అది బాహాటంగా చేసిన పని కాబట్టి పత్రికలు తిట్టాయి, కొందరు హైకోర్టుకు వెళ్లారు, 2024లో ప్రభుత్వం మారాక తలుపు మళ్లీ తెరుచుకుంది. మూసినవాడెవడో తెలుసు కాబట్టి పోట్లాట సాధ్యమైంది. మైగ్రేషన్‌లో మూసినవాడు లేడు. ఉత్తర్వు లేదు, నోట్‌ఫైలు లేదు, ఫలానా కాగితాలు జనానికి అక్కర్లేదని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఒక టెండరు, ఒక ‘విజయవంతంగా’, ఒక రిబ్బన్ కటింగ్. ఏళ్ల తరబడి పోగైన కాగితాలు పోయాయి, పోగొట్టినవాడు లేడు.

ఏం కాగితాలవి? కాలువ కింద పోయిన ఎకరానికి పరిహారం ఏ లెక్కన కట్టారో చెప్పే ఉత్తర్వు. కరువు మండలాల ప్రకటన. ఎంపిక జాబితా, అందులో మీ పేరు కింద ఎవరి పేరు ఉందో. ఆ లింకును అఫిడవిట్‌లో రాసుకుని వాయిదాలకు తిరుగుతున్న మనిషి, మరుసటి వాయిదాకు జడ్జిగారి ముందు అబద్ధాలకోరుగా నిలబడతాడు. జనం అడగాల్సిన అవసరమే లేకుండా మీ అంతట మీరే బయటపెట్టండని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. ఒకసారి బయటపెట్టిందాన్ని వెనక్కి లాక్కుని, ఇప్పుడు పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకో అంటున్నారు. ముప్పై రోజులాగితే, పాత సైట్‌లో ఉండేదని జవాబొస్తుంది.

ఇంతకీ నాకు కావలసిన ఉత్తర్వు దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనంలో నడిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే స్వచ్ఛంద సంస్థ దాచి ఉంచింది. వాళ్లకు మన పన్నులు ముట్టవు. మన రైతుల ఊసు వాళ్లకు తెలియదు. దారిన పోతూ మన కాగితం కనిపిస్తే తీసి భద్రం చేశారు. మన డబ్బుతో జీతం తీసుకుని మన కాగితాలు కాపాడాల్సినవాళ్లు, పాత చిరునామాల పట్టిక కావాలని టెండరులో ఒక్క వాక్యం రాయలేకపోయారు. ఎందుకంటే పాత కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన అవసరం ఆ టెండరు రాసినవాళ్ల ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ రాలేదు. అసమర్థత అనడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. అసమర్థుడు కనీసం ప్రయత్నించి ఓడిపోతాడు.

ఆ శాఖ కార్యదర్శి గారిని అడిగేది ఒకటే. పాత సర్వర్ ఆపేయమని చెప్పింది ఎవరు, ఆపేముందు అందులో ఏమేం ఉన్నాయో జాబితా రాసుకున్నది ఎవరు? పేరు, హోదా చెప్పండి. అడ్మిన్ అని మాత్రం చెప్పకండి.