చెప్పకుండా కడిగారు

కోవూరు దాటగానే మా కారు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. అందులో ఏదో బొమ్మ. నాకది తాబేలులా కనిపించింది. మా ఆవిడకు వంటింటి కుళాయిలా కనిపించింది. "నీళ్ళు అయిపోయాయేమోనండీ" అంది. కారుతో ఇచ్చిన పుస్తకం తిరగేస్తే అది ఇంజనట. ఇంజను బొమ్మను పోల్చుకోవడానికి పుస్తకం తిరగేసిన నేను, బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసిన మనిషి కొడుకుని.

దీపం నిలకడగా వెలిగితే నిదానంగా పోయి చూపించుకోమనీ, మిణుకుమిణుకుమంటే అక్కడే ఆపమనీ రాసుంది. మాది నిలకడైన దీపం. నిదానంగానే పోయాం. కానీ ఆగిన చోటల్లా బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది. బిట్రగుంటలో మా వీధి మలుపు దగ్గర ఏకంగా ఆగిపోయింది.

నాన్న వాకిట్లోనే బానెట్ ఎత్తించాడు.

"ఇంజను యాడరా?"

"ఆ నల్ల ప్లాస్టిక్కు కింద నాన్నా."

"ఏం, కొత్త పెళ్ళికూతురా? ముసుగేసినారు!"

ఆయన కాలంలో ఇంజను రోగం ఇంజనే నోరు తెరిచి చెప్పేది. రెండు సిలిండర్ల ఆవిరి ఇంజను, చక్రం ఒక చుట్టు తిరిగేలోపల నాలుగు దెబ్బలు కొడుతుంది. ఆ నాలుగూ సమంగా పడకపోతే వాల్వు సెట్టింగులో తేడా ఉన్నట్టు. యార్డులో పోతున్న బండిని మంచం మీద నుంచే విని "మూడో దెబ్బ కుంటతా ఉండాది" అనేవాడు నాన్న. హెచ్చరిక దీపం లాంటిది అప్పుడూ ఉండేది. ఫైర్‌బాక్సు నెత్తిన సీసం ప్లగ్గు. బాయిలరులో నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆవిరి బుస్సుమంటూ నిప్పుల మీదికి దిగేది. "తర్వాత చూద్దాంలే" అనే వీలు ఫైర్‌మన్‌కు లేదు. పసుపు దీపానికి ఆ గౌరవం ఎక్కడిది? మా బావమరిది కారులో అది రెండేళ్ళుగా అఖండ దీపమై వెలుగుతోంది.

బాయిలరు రివెట్ల మోతకు నాన్న తన చెవులు అప్పజెప్పేశాడు. ఇప్పుడు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి దవడ ఎముకకు ఆనించి వింటాడు. అలాగే విని, "ఊపిరాడడం లా దీనికి" అని తేల్చాడు.

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఎముకల మాట నమ్మను. తల స్టీరింగు కిందా కాళ్ళు వాకిట్లోనూ పెట్టి, 16 కన్నాల సాకెట్టు వెతికి, ఆన్‌లైన్లో కొన్న అగ్గిపెట్టెంత స్కానరును అందులో గుచ్చాను. ఈ సాకెట్టు పుట్టిల్లు కాలిఫోర్నియా. అక్కడ కార్ల పొగ భరించలేక, పొగ పెంచే తప్పేదైనా జరిగితే బండే పట్టించాలని రూలు పెట్టారు. 1996 మోడల్ నుంచి అమెరికా కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు, ఒకే రకం కోడ్లు వచ్చాయి. ఓబీడీ అనే ఈ ఏర్పాటులో ఆ రెండో తరం మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. లాస్ ఏంజెలిస్‌లో పొగ కమ్మితే బిట్రగుంటలో నేను తలకిందులు కావడానికి అన్నేళ్ళు పట్టింది.

ఫోనులో 'పీ 0506' అని వచ్చింది. పీ అంటే ఇంజను, గేర్ల వ్యవహారం. దాని పక్క సున్నా అంటే కంపెనీలన్నిటికీ ఉమ్మడి కోడు. మొత్తం కలిపితే, ఊరికే నిలబడినప్పుడు ఇంజను తిరగాల్సినంత తిరగడం లేదని. ఎందుకు తిరగడం లేదో మాత్రం చెప్పదు. అది మనమే కనుక్కోవాలి.

"ఏమంటది నీ డబ్బీ?"

"గాలి చాలడం లేదేమోనని నాన్నా."

"నేంజెప్పిందీ అదే గదరా. డబ్బీకి ఎంతయింది?"

జవాబు చెప్పలేదు. కోడు చెరిపే బటన్ ఉంటే నొక్కాను. దీపం ఆరింది. రోగం కుదిరిందని కాఫీలు తాగాం. మర్నాడు బండి రెండోసారి బయటికి తీసేసరికి దీపం మళ్ళీ ప్రత్యక్షం.

ఇక శస్త్రచికిత్సే. ఇంజనులోకి గాలి పోయే దారిలో థ్రాటిల్ బాడీ ఉంటుంది, దాని గొంతులో బిళ్ళలాంటి గుండ్రటి రెక్క. అంచు చుట్టూ కాటుక దిద్దినట్టు మసి. స్ప్రే కొట్టి, పాత బనీను గుడ్డతో తుడిచి, పండక్కి చెంబు తోమినట్టు తళతళలాడించాను. గర్వంగా స్టార్టు చేశాను. కాలు పెట్టకుండానే బండి నిమిషానికి 1500 చుట్ల మీద గొంతు చించుకుంది. దీపం వెలిగింది. ఈసారి పీ 0507, తిరగాల్సినదాని కంటే ఎక్కువ తిరుగుతోందట! మురికిగా ఉంటే ఒక నెంబరు, కడిగితే దాని పక్క నెంబరు. బ్యాటరీ వైరు పీకి పెట్టమన్నాడు నాన్న. పీకాం. గడియారం పన్నెండు దగ్గరికి పోయింది, రేడియో స్టేషన్లు మాయమయ్యాయి, అరుపు మాత్రం తగ్గలేదు.

అరుస్తున్న కారుతోనే అందరం కావలి వెళ్ళాం. మెకానిక్కుకు పాతికేళ్ళు ఉంటాయేమో. గోళ్ళలో మసి లేదు, చేతిలో ట్యాబ్ ఉంది. నాన్నకు అక్కడే నమ్మకం పోయింది.

"థ్రాటిల్ కడిగినారా సార్?"

"శుభ్రంగా కడిగాను."

"అదే. దానికి చెప్పకుండా కడిగినారు."

విషయం ఏమిటంటే, ఇంజనును నడిపించే పెట్టె, ఈసీఎం, రోజూ కొంత నేర్చుకుంటూ ఉంటుంది. మసి పట్టి గాలి తగ్గితే రెక్కను వెంట్రుకవాసి ఎక్కువ తెరుస్తుంది. ఆ లెక్క రాసిపెట్టుకుంటుంది. మసి పెరిగిన కొద్దీ లెక్కా పెరుగుతుంది. ఇలా నెలల తరబడి మనకు తెలియకుండా సర్దుకుపోయి, ఇక సర్దడం తన వల్ల కానప్పుడే దీపం పెడుతుంది. నేను మసి కడిగాను కానీ లెక్క కడగలేదు. అడ్డం ఉందన్న నమ్మకంతో అది తలుపు బార్లా తీస్తోంది. గాలి వరదలా వస్తోంది. పాత లెక్క కొట్టేసి కొత్తది నేర్పడానికే అడాప్టేషన్ అని పేరు. నా డబ్బీ చదవగలదు, చెరపగలదు. పాఠం చెప్పడం దానికి రాదు.

"ఏసీ ఆపండి. లైట్లు ఆపండి. పెడలు మీద కాలు పెట్టొద్దు. స్టీరింగు ముట్టుకోవద్దు" అన్నాడు మెకానిక్కు. పాతకాలపు ఫోటో స్టూడియోలోలా ముగ్గురం బిగుసుకు కూర్చున్నాం. బానెట్ కింద రెక్క టిక్కుమని పూర్తిగా మూసుకుని, టిక్కుమని తెరుచుకుని, తన హద్దులు తానే తడిమి చూసుకుంది. స్టార్టు చేస్తే, అరుపు మెల్లగా దిగి 750 దగ్గర కుదురుకుంది. నాన్న దిగి స్క్రూడ్రైవరు దవడకు ఆనించి, "సమంగా ఉండాది" అన్నాడు. ఆ కుర్రాడికి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఎవరిస్తారు?

అలవాటైన లెక్క గురించే ఆలోచిస్తూ తిరిగొస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. వేగన్లు ఢీకొనే మోతే జోలపాటగా పెరిగిన ఊరు మాది. ఆవిరి ఇంజన్లు పోయి, షెడ్డు మూతపడి, యార్డు పలచబడిన రోజుల్లో ఒక అర్ధరాత్రి ఆవిడ లేచి కూర్చుంది.

"ఏమైందే?" అన్నాడు తాతయ్య.

"ఏం కాలా. అందుకే మెలకువొచ్చింది."

మొన్న నెల్లూరులో నాన్నకు చెవి మిషను పెట్టించాను. అక్కడా ల్యాప్‌టాప్ తగిలించారు, అక్కడా సెట్టింగులే. ఒక్కసారి పెంచితే తట్టుకోలేరు, అలవాటయ్యే కొద్దీ పెంచుదామన్నారు. ఇంటికి రాగానే నాన్న తల పైకెత్తి, "ఈ ఫ్యాను ఇంత గోల ఎప్పటి నుంచి చేస్తా ఉండాది?" అన్నాడు.

"కొన్న రోజు నుంచి" అంది అమ్మ.

మర్నాడు పొద్దున నాన్న ముందు కాఫీ గ్లాసు పెట్టి, వంటింటి వైపు తిరిగి, రోజూ అనుకునేదే అనుకుంది అమ్మ. "రుబ్బురోలు మాదిరి కూర్చోనుంటాడు. తాగిన గ్లాసన్నా తీసి లోపల పెట్టడు."

"పెడతాలే" అన్నాడు నాన్న.

అమ్మ నడక ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా పెద్దగా అనాల్సినవి పెద్దగా, మనసులో అనుకోవాల్సినవి మామూలు గొంతుతో అంటూ వచ్చిన మనిషి. నెమ్మదిగా తిరిగి ఆయన చెవి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నాకు చెప్పకుండా ఎట్టా పెట్టించినావురా?"