ఊరందరి పాటకు ఒక్కడే ఓనరు

మన పాటల వ్యాపారంలో ‘జానపదం’ అన్న మాటకున్న మహిమ ఇంకే మాటకూ లేదు. అదొక్కటి నోట పలికితే చాలు, ఎవరి గడపైనా తొక్కొచ్చు, ఎవరి గొంతులోని పాటైనా ఎత్తుకు రావొచ్చు. అడిగినవాళ్లకు జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘‘ఇది జనం పాటండీ, దీనికి ఓనరెవరు?’’ నిజమే, ఓనరు లేడు. స్టూడియోలో రికార్డింగు ముగిసేదాకా.

షోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ వెళ్లే దారిలో కుంభారి ఉంది. అక్కడ బీడీ కార్మికురాళ్ల కోసం కట్టిన పదివేల ఇళ్ల గోదూతాయి పరులేకర్ కాలనీకి 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళంచెవులిచ్చారు. 2024 జనవరిలో ప్రధాని మోదీ వచ్చి అక్కడే రేనగర్‌లో 15,000 ఇళ్లు అప్పగించారు. ఇద్దరు ప్రధానులను చూసిన ఊరు కాబట్టి, మెడలో కెమెరా వేసుకుని ఒక యూట్యూబ్ చానలాయన దిగితే ఇక్కడెవరూ కంగారుపడరు. కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు.

ఆయన వచ్చే వేళకు వాకిట్లో నలుగురు ఆడవాళ్లు తునికాకు కత్తిరిస్తుంటారు. మగవాళ్లు మరమగ్గాల మీదికి పోయి ఉంటారు. తాతల నాడు తెలంగాణ నుంచి మగ్గంతో పాటు వచ్చిన బతుకమ్మ పాట ఒకటి ఎవరో అందుకుంటారు. చాటలో తంబాకు తరుగుతుంటుంది, పాట పెరుగుతుంటుంది. ‘‘అక్కా, ఆ చరణం ఇంకొక్కసారి పాడవా?’’ అక్క పాడుతుంది. ఆకు మీది కత్తెర ఆగదు, ఆగితే కూలి తగ్గుతుంది.

ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. అదే పాట పచ్చటి పొలంలో, డ్రోన్ కెమెరా కింద, బీడీ వాసన ఎరగని అమ్మాయి నడుము మీదికి ఎక్కుతుంది. మధ్యలో రెండు ‘ఓ పిల్లో’లు కలుస్తాయి. ఆ రెంటి పుణ్యమా అని రచనా, బాణీ, హక్కులూ అన్నీ చానలాయనవే. పండగనాడు అక్క పాడుతుంటే మనవరాలు వీడియో తీసి పెడుతుంది. మర్నాటికల్లా నోటీసు: ఈ పాట ఫలానా సంస్థ సొత్తు. అంటే అక్క తన పాటను తానే దొంగిలించి, అదీ పట్టపగలు దొరికిపోయిందన్నమాట!

చట్టాన్ని అడిగితే అసలు సంగతి వేరు. చానలాయనకు 60 ఏళ్ల హక్కు దక్కేది తాను చేసిన రికార్డింగు మీదే. తాను కలిపిన రెండు ‘ఓ పిల్లో’ల మీద కూడా అనుకుందాం, పోనీ. పాత పాటను అక్క తన గొంతుతో ఎన్నిసార్లయినా పాడుకోవచ్చు. కానీ యూట్యూబ్ యంత్రానికి చట్టం తెలియదు, బాణీ కలిస్తే చాలు. ఇక లెక్క చూడండి: ఆమెకు కూలి వెయ్యి బీడీలకు, ఆయనకు సొమ్ము వెయ్యి వ్యూస్‌కు. ఆయనకు ఆకు తెచ్చుకునే పని కూడా లేదు.

ఇది చిన్న చానళ్ల యవ్వారమే కాదు. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, ఆ పాటను అంతకుముందే టీవీలో పాడిన కోమలి తన సంగతేమిటని అడిగింది. జానపదం ఏ ఒక్కరిదీ కాదన్న జవాబు రానే వచ్చింది. గొడవ ముదిరాక దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపూ పారితోషికమూ ఇస్తామన్నారు. మర్యాదే. అడగకముందే చేసి ఉంటే ఇంకా మర్యాదగా ఉండేది.

అమెరికావాళ్లు ఈ విద్యలో మనకు గురువులు. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా 1939లో ‘ముబూబే’ అనే పాట రికార్డు చేశాడు, దక్కింది పది షిల్లింగులంటారు. 1950ల మొదట్లో అమెరికాలో ఒక బృందం దాన్ని ‘విమోవే’ చేసి పాడింది. రచయిత పేరు పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు. అలాంటి మనిషి పుట్టనే లేదు! జానపదాల మీద రాయల్టీ రాబట్టుకోవడానికి బృందం కల్పించుకున్న పేరది. అన్నట్టు ఆ బృందం పేరు ‘ది వీవర్స్’. నేతగాళ్లు! మన కులపోళ్లే అనుకుని సంబరపడొద్దు. లిండా 1962లో పేదరికంలోనే పోయాడు. అతని బిడ్డలకు వాటా ఒప్పుకున్నది 2006లో, కుంభారి ఆడవాళ్ల చేతికి తాళంచెవులొచ్చిన ఏడే.

‘ఓనరు లేడు కాబట్టి ఎవడిదైనా’ అనేవాళ్లు ఒక్కసారి షోలాపురీ చద్దరు కప్పుకుని ఆలోచించాలి. ఆ చద్దరును కనిపెట్టిన ఒక్క మనిషి పేరెవరైనా చెప్పగలరా? అయినా మహారాష్ట్రలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు దక్కిందే దానికీ, షోలాపూర్ టెర్రీ టవలుకూ. పానిపట్‌లో నేసిన దుప్పటికి మన పేరు చీటీ అంటిస్తే ఊరు ఊరంతా భగ్గుమంటుంది. ఒక్కడి సొత్తు కానిది ఊరి సొత్తని నూలు విషయంలో అందరికీ అర్థమైంది. పాట దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుందో!

మనమేం కడిగిన ముత్యాలం కాదులెండి. షోలాపూర్‌లో మార్కండేయ రథోత్సవం నాడు స్వామి పాట వింటుంటే బాణీ ఎక్కడిదో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, హీరో పేరుతో సహా. పెళ్లికీ పూజకూ పాటలు వేసుకోవడానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షను మినహాయింపు ఇచ్చింది. అదే బాణీకి కొత్త మాటలు కట్టి ఆల్బం అమ్ముకోమని మాత్రం చెప్పలేదు. దేవుడు ఊరుకుంటాడు కదా అని ఆ సంగీత దర్శకుడూ ఊరుకోవాలా?

అక్కలారా, అదే కాపీరైట్ చట్టంలో పాడినవాళ్లకూ హక్కుంది, 50 ఏళ్లు. వ్యాపారానికి వాడుకుంటే మీకు రాయల్టీ రావాలని 2012 సవరణ చెబుతోంది. కాబట్టి ‘ఇంకొక్కసారి పాడవా’ అన్నవాడిని ముందు కాగితం తెమ్మనండి, తెలుగులో. మీ పేరు, మీ ఊరు, వెయ్యి వ్యూస్‌కు మీకెంతో అందులో రాయించండి. వెయ్యికింత అని బీడీ కార్ఖానాలతో ఏళ్ల తరబడి కొట్లాడినవాళ్లు మీరు. ఈయనో లెక్కా?