నొప్పి తెలియనివ్వని నేర్పు

తెలుగు సినిమా, నీకున్న నేర్పు నేనింకెక్కడా చూడలేదు. మనవాళ్ళు ఇంట్లోనూ పంచాయితీలోనూ గొంతు పెగలక దాటేసే సంగతిని నువ్వు పట్టుకొచ్చి తెరమీద పెడతావు. కులం, మతం, భూమి, ఆడదాని చెంపమీద దెబ్బ, ఇంటిపేరు దక్కని పుట్టుక, నువ్వు ముట్టుకోని పుండు లేదు. మూడు గంటలు తిరిగేసరికి టికెట్టు కొన్నవాడెవడికీ మనసు చివుక్కుమనకుండా ఇంటికి పంపిస్తావు. మంచి కాంపౌండరు సూది వేస్తే గుచ్చినట్టే తెలియదు. నీ చెయ్యి అలాంటిది. మందు లోపలికి వెళ్ళిందా లేదా అన్నదే నా బాధ.

1955 నాటి ‘మిస్సమ్మ’నే తీసుకో. ఎల్.వి. ప్రసాద్ తీసిన ఆ సినిమాకు ఇప్పటికీ ముసలితనం రాలేదు. డిగ్రీలుండీ పూట గడవని ఇద్దరు మద్రాసులో తారసపడతారు. అప్పారావుపేట బడిలో పంతుళ్ళు కావాలి, అయితే భార్యాభర్తలై ఉండాలి. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. పొట్టకోసం మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని బండెక్కుతారు. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయినా కాకుండానే చదువుకున్న నిరుద్యోగి అవస్థను అంత నవ్విస్తూ, అంత సూటిగా చెప్పావు. హిందూ ఇల్లాలి వేషం నిలబెట్టుకోవలసి వచ్చిన ప్రతిచోటా మేరీగా వేసిన సావిత్రి మొహంలో రేగే ఆ చిరాకు ఒక్కటి చాలు, ఆ సినిమాను నెత్తిన పెట్టుకోవడానికి. ఒకరి విశ్వాసాన్ని ఇంకొకరి ఇంట్లో దాచుకుని బతకడం ఎంత ఇరుకో ఆ కళ్ళు చెబుతాయి.

తీరా ఇద్దరికీ నిజంగానే మనసులు కలిశాక ఏం చేశావు? మేరీ మేరీ కాదన్నావు. ఆ బడి నడిపే జమీందారు గారి తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి అన్నావు. ఇక మతం అడ్డే లేదు. పెంచినవాళ్ళు నేర్పిన ప్రార్థన ఎటుపోయిందో ఎవరూ అడగలేదు. హాల్లో కూర్చున్న హిందువు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు, క్రైస్తవుడు కూడా నవ్వుకుంటూనే లేచి వెళ్ళాడు. అంత పెద్ద చిక్కును అంత హాయిగా విప్పిన స్క్రీన్‌ప్లే మన దగ్గర మరొకటి లేదు, ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మనస్ఫూర్తిగా అంటున్నాను కాబట్టే బాధ. అంతకు పదిహేడేళ్ళ ముందు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం చేత ‘మాలపిల్ల’ తీయించింది నువ్వే కదా! అక్కడా చివరికి మనసులు మారతాయి, అక్కడా పెళ్ళవుతుంది. కాని పిల్ల మాత్రం ఎవరి తప్పిపోయిన కూతురూ కాదు. మాలపిల్లగానే ఉంటుంది, అలాగే కోడలవుతుంది. ఆ రోజుల్లో ఉన్న తెగువ నేర్పు పెరిగినకొద్దీ ఎందుకు తరిగిందో నువ్వే చెప్పాలి.

‘శంకరాభరణం’ గురించి చెడ్డమాట అనాలంటే నాకు నోరు రాదు. 1980లో, పాటంటే గెంతులనుకునే రోజుల్లో, యాభై దాటిన జె.వి. సోమయాజులును శంకరశాస్త్రిగా నడిమధ్య నిలబెట్టి కర్ణాటక సంగీతాన్ని రిక్షా తొక్కేవాడి నోట పలికించావు. కె. విశ్వనాథ్ పట్టు, మహదేవన్ స్వరాలు, బాలు మహేంద్ర కెమెరా, దేనికదే సాటి. శంకరశాస్త్రి పేదరికం, ఆయన పొగరు, ఆ పొగరు వెనక ఉన్న నియమం చూస్తుంటే ఇప్పటికీ వెన్ను నిటారవుతుంది. కాని నేను తులసినే చూస్తూ కూర్చుంటాను. నాట్యం తెలిసిన పిల్ల. కన్నతల్లే అమ్మజూపితే, చెరచినవాణ్ణి పొడిచి జైలుకు పోయింది. కన్నకొడుకును గురువు దగ్గర శిష్యుడిగా చేర్చి, దూరంనుంచి చూసి తృప్తి పడింది. చివరికి ఆయన పాదాల దగ్గరే ప్రాణం వదిలింది. ఆమె అడుగు దూరంలో ఉన్నందుకే శాస్త్రిగారికి వెలి తప్పలేదని చూపించే ధైర్యం నీకుంది. ఆ వెలి వేసినవాళ్ళను నిలదీయాల్సిన చోట ఆమెచేత నమస్కారం పెట్టించి, ఆ నమస్కారాన్ని మా కంటనీరుగా మార్చావు. ఏడ్చాం. ఆ ఏడుపులో తులసి కళ ఏమైపోయిందని అడగాలన్న సంగతే మరిచిపోయాం.

‘అర్జున్ రెడ్డి’ గురించి ఎక్కువ చెప్పను. 2017లో వచ్చిన ఆ సినిమాలో సందీప్ రెడ్డి వంగా పనితనం అప్పటిదాకా మన తెరమీద లేనిది. సీను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందుగా అందదు. తాగుబోతు డాక్టరు ఒంటిమీది వాసన కూడా సీట్లదాకా వచ్చినట్టుంటుంది. చెంపదెబ్బ కూడా అంత నిజంగానే ఉంటుంది. పడింది అతను ప్రేమించిన ప్రీతి చెంపమీద. మొదట్లో ఆమె నోరు విప్పడమే అరుదు. చివర్లో ఆమె కడుపులో ఉన్నది తన బిడ్డేనని అతనికి తెలుస్తుంది, పెద్దవాళ్ళు మెత్తబడతారు, లెక్క సరిపోతుంది. ఆ దెబ్బ తనకేమనిపించిందో ప్రీతి చేత ఒక్కసారి నింపాదిగా చెప్పించి ఉంటే నీ సినిమా ఇంకా పెద్దదయ్యేది.

తీసెయ్యడం అనే విద్య మంచిదే. 1957లో ‘మాయాబజార్’ తీసినప్పుడు కె.వి. రెడ్డి భారతకథలోంచి ఏకంగా పాండవుల్నే తీసేశాడు. ఐదుగురిలో ఒక్కరూ తెరమీదికి రారు. వాళ్ళు లేరన్న సంగతి చూస్తున్నంతసేపూ తట్టదు. శశిరేఖ వేషంలో దూరిన ఘటోత్కచుడిగా సావిత్రి మగనడక నడుస్తుంటే ఇంకెవరు గుర్తొస్తారు! అక్కడ తీసేసింది ఆ కథకు అక్కర్లేనిదాన్ని. ఆ విద్యను నువ్వు ఆ తర్వాత కథకు ప్రాణమైనదాని మీద వాడటం మొదలుపెట్టావు.

‘ఆర్ఆర్ఆర్’ నాకు ఒళ్ళు పులకరించిన సినిమా. ఆస్కారు వచ్చిందని చెప్పడం లేదు. ‘నాటు నాటు’ను కీవ్ నగరంలో అధ్యక్ష భవనం ముందు తీశారని, ఏడాది తిరక్కుండానే అక్కడ యుద్ధం వచ్చిందని తలుచుకున్నప్పుడల్లా ఆ ఇద్దరు హీరోల కాళ్ళ హుషారు గుండెకు తగులుతుంది. కొరడా దెబ్బలు తింటూ మోకాలు వంచని కొమరం భీమ్‌ను చూడు. సుద్దాల అశోక్ తేజ మాటలు, కాలభైరవ గొంతు, ఒంటినిండా రక్తంతో ఎన్టీఆర్ మొహం, నేలమీద పారుతున్న నెత్తురును చూసి కదిలిన జనం. తెలుగులో ఒక గోండు వీరుడి కోసం కోట్లమంది కన్నీళ్ళు పెట్టుకున్నది మొదటిసారి. ఆ పుణ్యం రాజమౌళిదే. ఎవరూ కాదనలేరు.

అయితే ఆ కొరడా ఎవరి చేతిలో ఉంది? కొమరం భీమ్ పోరాడింది నిజాం సర్కారుతో. అడవి మాదన్న అటవీశాఖతో, పోడు కొట్టుకుంటే కేసులు పెట్టిన జంగ్లాత్ వాళ్ళతో, పట్టాల పేరుతో భూములు గుంజుకున్న పైవాళ్ళతో. 1940లో జోడేఘాట్ కొండల్లో ఆయన్ను కాల్చి చంపింది నిజాం పోలీసులు. నీ సినిమాలో నిజాం తరఫున ఒక పెద్దమనిషి ఢిల్లీ దాకా వస్తాడు. గోండుల జోలికి పోవద్దని, వాళ్ళ కాపరి బయల్దేరాడని దొరలకు చెప్పి వెళ్తాడు. ఎంత నేర్పు! చంపినవాడి దూతను హెచ్చరించే హితుడిగా కూర్చోబెట్టావు. ఇది కల్పన అని నువ్వు ముందే చెప్పావు, నిజమే. భీమ్, అల్లూరి సీతారామరాజు కలిసినట్టు ఊహించడం కథకుడి హక్కు, ఆ హక్కును గౌరవిస్తాను. శత్రువును మార్చడం వేరే సంగతి. తెల్లవాణ్ణి ఎంతమందిని గాల్లోకి ఎగరేసినా ఈరోజు ఎవరికీ నొప్పి లేదు. జాగీర్దారు, అటవీ అధికారి, పట్టా రాసినవాడు, వీళ్ళ మనవలు హాల్లో ఉంటారు. అల్లూరి సీతారామరాజు కూడా 1922లో మన్యంలో లేచింది పోడును ఆపిన అటవీ చట్టాల మీద, కూలి ఇవ్వకుండా రోడ్డు వేయించిన అధికారుల మీద. నీ రాముడి చేతిలో తుపాకులున్నాయి, విల్లుంది. పోడు లేదు.

చివర్లో ఇంకొక ముచ్చట. అంతా అయిపోయాక ఏం కావాలో కోరుకోమని రామ్ అడుగుతాడు. భీమ్ చదువు చెప్పమంటాడు. థియేటర్లో చప్పట్లు మోగాయి. రామ్ జెండామీద ‘జల్ జంగల్ జమీన్’ అని రాసిస్తాడు. ఆ మూడు మాటలూ ఈనాడు ఆదివాసీలు భీమ్ పేరుతో కలిపి పలుకుతారు. అవి అతనికి ఇంకొకరు దిద్దించవలసిన అక్షరాలయ్యాయి. భీమ్ పోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆ కొండల్లోకి పంపింది, వీళ్ళెందుకు తిరగబడ్డారో తెలుసుకుని రమ్మని. మార్లవాయిలో గోండు పంతుళ్ళను తయారుచేసే బడి ఆ తర్వాతే వచ్చింది. చదువు కూడా ఊరికే రాలేదు, ఆ చావు వెనకే వచ్చింది. అడిగింది భూమి. ఆ మాట తెరమీద భీమ్ నోటినుంచి రావలసింది.

‘పుష్ప’కు నేను బాకీ ఉన్న పొగడ్త ఒకటుంది. చిత్తూరు యాస మన సినిమాల్లో చాలావరకు పనివాళ్ళకూ నవ్వించేవాళ్ళకూ అంటగట్టిన భాషగా ఉండేది. సుకుమార్ దాన్ని నాయకుడి నోట్లో పెట్టాడు. రెండో భాగంలో తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు కట్టే ఆడవేషాన్ని అంత పెద్ద హీరో ఒంటిమీదికి ఎక్కించాడు. చీర కట్టి, ముక్కుపుడక పెట్టి, ఆ వేషంలోనే తనకు ఆడపిల్ల పుట్టాలని కోరుకునే మగవాణ్ణి చూపించడం చిన్న పని కాదు. అల్లు అర్జున్‌కు మొదటి భాగానికి ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆ ఎత్తిన భుజంలో కూలివాడి రోషం మొత్తం ఉంది. దక్కాల్సిందే.

ఆ కథకు రెండు గాయాలున్నాయి. ఒకటి ఇంటిపేరు. ఉంపుడుగత్తె కొడుకని పేరు పడ్డవాణ్ణి తండ్రి తరఫువాళ్ళు ఊళ్ళో తల ఎత్తనివ్వరు. ఆ అవమానం మొదటి భాగంలో కడుపులో దేవినట్టుంటుంది. రెండో భాగం ముగిసేసరికి అన్న కూతుర్ని దుండగుల చేతిలోంచి కాపాడి తెస్తాడు, పెళ్ళిపత్రికలో పేరెక్కుతుంది, కుటుంబం అక్కున చేర్చుకుంటుంది. ఇంటిపేరు లేకపోతే మనిషి కాడా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఆ ఇంటిపేరే ఇప్పించి పంపావు. తల్లి కళ్ళు తుడిచావు. ఆమెను అలా చేసినవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

రెండోది శేషాచలం. ఎర్రచందనం చెట్టు పెరిగేది ప్రధానంగా ఆ కొండల్లోనే. దాన్ని నరికేది విదేశాల్లో కొనేవాళ్ళు కాదు, కంటెయినరు ఎక్కించేవాడూ కాదు. తమిళనాడు కొండల్లోంచి కూలికి వచ్చిన పేదవాళ్ళు. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో పోలీసు కాల్పుల్లో ఒక్క పూటలో 20 మంది చనిపోయారు. నీ పుష్ప మొదట కూలివాడే. గొడ్డలి పట్టుకునే తీరు, దుంగల్ని భుజాన వేసుకుని వాలులో దిగే వేగం, రెయిడు జరిగితే దుంగల్ని నీళ్ళలోకి తోసెయ్యడం, అన్నీ దగ్గరగా, శ్రద్ధగా చూపించావు. ఆ శ్రద్ధకు దండం పెడతాను. కాని పుష్ప పైకి ఎగబాకిన కొద్దీ కింద నరికేవాళ్ళు కనుమరుగైపోయారు. వాళ్ళకు కాల్పులు తగలవు, వాళ్ళ శవాలు లారీలో ఊరికి తిరిగిరావు. ఒకడు గెలిచినందుకు మేం ఈలలు వేసి, ఇరవైమందిని ఎరగనట్టే లేచాం.

నీకు నొప్పి చెప్పడం రాదని కాదు. బి. నర్సింగరావు ‘దాసి’లో గడీలో పనిచేసే కమలాక్షిగా అర్చన ఒక్క కేక కూడా వేయదు. నీళ్ళు తోడుతుంది, గిన్నెలు తోముతుంది, దొర గదిలోకి పోతుంది, కడుపు తీయించుకోవలసి వస్తుంది. సినిమా ఏ ముడినీ విప్పకుండానే అయిపోతుంది. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో సారాకొట్టు కుర్రాడు బురఖాలోంచి కనిపించే రెండు కళ్ళను ప్రేమిస్తాడు. సలీమా ఏం పని చేస్తుందో తెలిశాక కూడా పెళ్ళాడతానంటాడు. ఆమె బతకదు, అతని ప్రేమకు ఏ పరిహారమూ దొరకదు. వెంకటేశ్ మహా ఆ ఊరివాళ్ళనే నటుల్ని చేసుకుని తీశాడు. ‘బలగం’లో పిండాన్ని కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక పడే సిగ్గు ఉంది. చివరికి అన్నాచెల్లెళ్ళు కలుస్తారు. చచ్చిపోయిన కొమురయ్య మాత్రం ఆ కలయికను చూడలేదు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి రాత్రిపూట వేస్తే జనం చూస్తూ భోరున ఏడ్చారు. దానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేకపోయింది.

బడ్జెట్టు ఇప్పుడు నీ దగ్గర ఉంది. మొదటి వారం రేటు పెంచమంటే సర్కార్లు జీవోలిచ్చాయి, తెల్లవారుజాము ఆటకు పిల్లాజెల్లాతో జనం లైను కట్టారు. జపాన్‌లో నీ పాటలకు అడుగులు వేస్తున్నారు. ఇంత బలం తెలుగువాడి చేతిలో ఇంకే కళకూ ఎప్పుడూ లేదు. ఈ బలం చూసి నాకు గర్వంగా ఉంది. ఈ బలంతోనే శేషాచలం మళ్ళీ ఎక్కు. అదే కెమెరా, అదే వెలుతురు, దుంగ మోసేవాడి భుజాన్ని అంతే దగ్గరగా పట్టుకో. కాల్పులు వినబడ్డాక అతనితోపాటు కింద పడు. అతని ఊళ్ళో ఇంటిముందు లారీ ఆగినప్పుడు ఆ ఇంటావిడ మొహంమీద కెమెరా నిలుపు. ఆమె ఎవరినైనా ఏదైనా అడగాలనుకుంటే, పూర్తిగా అడగనివ్వు.